నగదు సాయము – పల్లెకుటుంబపు స్వాధీనత
(ఎస్. ఆర్. శంకరన్ గారి స్మృత్యర్థము చేసిన ఉపన్యాసపు పాఠము)

శంకరన్ గారి పేర మాటలాడుట గౌరవము. అంతకు మించి బాధ్యత. తంజావూరు సీమలో జన్మించి, తెలుగుదేశమును తన కార్యక్షేత్రముగా స్వీకరించి, అవివాహితుడై జీవితమంతయు బీదల సేవకు అర్పించిన ఆ మహనీయుడు, 2005లో ప్రభుత్వము పద్మభూషణ పురస్కారమును ప్రకటింపగా దానిని వినయముతో నిరాకరించెను. 2010 అక్టోబరు 7న ఆయన పరమపదించినపుడు, ఆయన పేరైనను సరిగా పలుకనేరని పల్లెజనులు కన్నీరు పెట్టిరి.

వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చిన పిమ్మట సాంఘికసంక్షేమశాఖ కార్యదర్శిగా దానిని కాగితమునుండి పొలముగట్టుమీదికి తెచ్చుటకు ఆయన పడిన పాటు ఈ సభలో పలువురకు విదితమే. పాలేరుగా, జీతగాడుగా ఒక ఆసామి ఇంట ఏండ్లతరబడి పనిచేయు మనుష్యుని ఆ ఇంటికి కట్టివేసినది ఇనుపగొలుసు గాదు. తండ్రి పెండ్లికో తల్లి కర్మకాండకో తెచ్చిన స్వల్పమైన అప్పు. ఆ అప్పు తీర్చుటకు వలయు మొత్తము సంపన్నుని దృష్టిలో అత్యల్పము. అయినను అది ఆ మనుష్యుని చేతికి ఏనాడును ఒక్కమారుగా రాకుండుటచేతనే అతని కాలమంతయు పరాధీనమయ్యెను. నేడు ప్రభుత్వములు పేదకుటుంబములకు నేరుగా ఇచ్చుచున్న నగదు సాయమును గూర్చి విచారించునపుడు ఈ విషయమును మొదట మనసునం దుంచుకొనవలెనని నా మనవి. ఆ పైకముతో కుటుంబమేమి కొన్నదని అందరును అడుగుచున్నారు. ఆ పైకము చేత నుండుటవలన ఆ కుటుంబము ముందుగానే అమ్ముకొనవలసిన దేది అమ్ముకొనక నిలిచినదని అడుగువారు అరుదు. నా ఉపన్యాసమంతయు ఈ రెండవ ప్రశ్నను గూర్చినదే.

పాలమూరు ప్రాంతమున ఒక కుటుంబమును ఊహించుకొందము. ఎకరమున్నర సొంత చెలక. మరి రెండెకరములు కౌలుభూమి. భార్యాభర్తలు, బడికి పోవు ఇద్దరు బిడ్డలు, వితంతువైన అత్త. మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడగానే ఆ ఇంటికి పైకము కావలెను. మూడున్నర ఎకరములకు ఏడు ప్యాకెట్ల పత్తివిత్తనము, 2025 ధర ప్రకారము ప్యాకెట్టు 901 రూపాయలు. అది ఆరువేల మూడువందలు. బస్తా 1,350 చొప్పున డీఏపీ ఎకరమున కొకటి వేసినను నాలుగువేల ఏడువందలు. ట్రాక్టరు కిరాయి, కలుపుకూలి వేరు. వెరసి పదునైదువేలు లేనిది ఆ మట్టిలో గింజ పడదు. ఆ పదునైదువేలు ఇచ్చువాడు ఎరువుల దుకాణదారుడు, లేదా అతనితో లావాదేవీ గల పత్తివ్యాపారి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ; ఆరు నెలలకు రెండువేల ఏడువందలు. ఇంతవరకు లెక్క అందరును వేయుదురు. అసలు భారము ఆ తరువాత వచ్చును. ఉద్దెరపెట్టిన వ్యాపారికే పంటను తూచవలెనను మాట పత్రమున వ్రాసికొనకున్నను ఊరంతయు ఎరుగును. ఇరువది క్వింటాళ్ల పత్తి పండినదని అనుకొందము. 2025–26లో మధ్యరకపు పింజకు ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర 7,710 రూపాయలు. తేమ యనియు, కాయ నల్లబడిన దనియు వంకలు పెట్టి క్వింటాలునకు అయిదువందలు తగ్గించినచో పదివేలు పోయినవి. ఈ పదివేలు వడ్డీ పుస్తకమున ఎక్కడను కానరావు. ఏ సర్వేయరునకు ఆ కుటుంబము ఈ నష్టమును చెప్పదు. ఏలయన అది నష్టమని వారే తలంపరు, బజారు అట్లున్నదని అనుకొందురు.

పంట పోయిన సంవత్సరమున కథ వేరొక తోవ పట్టును. దసరా గడచిన పిమ్మట గుంపుమేస్త్రీ వాకిటికి వచ్చి అడ్వాన్సు పెట్టును. ఆ అడ్వాన్సు చేతబట్టిన దినమునుండి భార్యాభర్త లిరువురు ఏ మహానగరపు కట్టడములకో కాలువపనులకో పోవలసినవారే. పిల్లలు అవ్వ దగ్గర మిగిలిన నొక తీరు, వెంట పోయిన మరియొక తీరు, రెండు విధముల బడి చెడును. ఆ కుటుంబము పని వెదకికొని పోవుటలేదు. రానున్న ఆరునెలల పని ముందే అమ్ముడుపోయినది గనుక పోవుచున్నది. అమ్మకపు ధరను నిర్ణయించినది వారి అవసరము పడిన దినము.

ఇట్టి స్థితిలో నున్నవారికి పైకము ఇచ్చుట యనునది క్రొత్త భావము గాదు. అనాథలను, వృద్ధులను, రోగార్తులను రాజు పోషింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. అయినను పేదవాని చేతికి నాణెమిచ్చుటయందు పాలకులకు గల అనుమానము మాత్రము దృఢమైనది. ఆ అనుమానమునకు మన కరవులే పాఠశాలలు. 1832–33 నాటి నందన కరవులో గుంటూరు మండలము శ్మశానమైనది. 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వంటి దాతలు గంజికేంద్రములు పెట్టి వేలమందిని బ్రతికించిరి. 1876–78 నాటి ధాత కరవు బళ్ళారి, కర్నూలు, కడప మండలములను ఊడ్చివేయుచుండగా, కలకత్తా ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపుల్, సహాయపు పనులకు వచ్చిన కూలీకి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై స్వల్పమైన చిల్లర చాలునని శాసించెను. పౌనన అరకిలోకన్న తక్కువ. దానితో దినమెల్ల రాళ్లు కొట్టవలెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఈ కూలి మనుష్యుని చంపునని తీవ్రముగా వాదింపగా, కొన్ని నెలలకు గాని ఆ కొలత మారలేదు. 1880 నాటి కరవు సంఘము, దానినుండి పుట్టిన కరవు నిబంధనావళి, పనిచేయలేని వారికి గ్రామాధికారుల ద్వారా ఉచితసహాయమును అంగీకరించినవి. కాని సూత్రము మారలేదు. సహాయము కోరువాడు తన దైన్యమును దేహముతో నిరూపింపవలెను, ఎండలో నడచి రావలెను, రాయి మోయవలెను. బీదవాడు అబద్ధమాడునను నమ్మకముమీద కట్టబడిన ఆ పరిపాలనాసౌధము తెల్లవాడు పోయిన తరువాతను కూలలేదు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినపుడు మన పల్లెలలో కడుపు నిండుట హక్కనుభావము మొలకెత్తెను. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము జాతీయ సామాజిక సహాయ పథకమును ప్రారంభించి నిరుపేద వృద్ధునకు నెలకు 75 రూపాయలు ఇచ్చెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధిహామీ పథకము ప్రారంభమైనది. అదియు కూలియే గాని దానము గాదు, అయినను పల్లెలోని నిరుపేద స్త్రీ పేర ఖాతా తెరచుట అలవాటైనది ఆ పథకముతోనే. ఈ దారులన్నియు కలిసిన చోట 2018 మే 10న తెలంగాణ ప్రభుత్వము హుజూరాబాదు ప్రాంతమున రైతుబంధును ఆరంభించినది. ఎకరమునకు పంటకు నాలుగువేలు, పిమ్మట ఐదువేలు, నేడు రైతుభరోసా పేర ఆరువేలు. మరుసటి ఫిబ్రవరిలో కేంద్రము సంవత్సరమునకు ఆరువేలతో కిసాన్ సమ్మాన్ నిధిని, ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానితో కలిపి 13,500 రూపాయల రైతుభరోసాను ఇచ్చినవి. 2020 జనవరిలో బడికి పిల్లలను పంపు తల్లులకు అమ్మఒడి వచ్చినది. అనతికాలములో ఇన్ని ధారలు ఒక్క ఇంటిపై కురియుట మన చరిత్రలో పూర్వమెన్నడును లేదు.

ఈ పైకమువలన ఏమి జరుగునో పరిశీలించిన ప్రయత్నములలో నాకు మిక్కిలి ప్రామాణికముగా తోచునది మధ్యప్రదేశములో ఇండోరు పరిసరమున ‘సేవా’ (SEWA) మహిళాసంఘము 2011–12లో నడిపినది. ఎనిమిది గ్రామములలో ప్రతి వ్యక్తికిని, ఏ షరతును లేకుండ, పెద్దలకు నెలకు 200, పిల్లలకు తల్లిచేతికి 100 రూపాయలు. ఏడాది పిమ్మట 300, 150. ఒక గిరిజన గ్రామమున వేరుగా మరియొక ప్రయోగము. పైకము పొందని గ్రామములను ప్రక్కనుంచి పోల్చి చూచిరి. ఆ అధ్యయనమును గ్రంథస్థము చేసిన నలువురిలో హైదరాబాదు నివాసి శరత్ దావల ఒకరగుట మనకు సంతోషము. బాలికల బరువు మెరుగుపడినది, బడిహాజరు పెరిగినది, మేకలు, కోళ్లు, బఱ్ఱెలు ఇండ్లకు వచ్చినవి. ఇవి ఎవరైనను ఊహింపదగినవే. నన్ను ఆకర్షించిన ఫలితము వేరు. కూలికి పోవువారు తమ సొంత పొలముననే ఎక్కువ కాలము పనిచేయసాగిరి. అప్పుకు బదులు ఆసామి ఇంట ఏడాదిపొడవున చాకిరి చేయు నౌకరు పద్ధతినుండి కొందరు బయటపడిరి. రెండువందల రూపాయలు ఏ అప్పును తీర్చజాలవు. కాని ఇంటిలో అయిదుగురున్నచో నెలకు వేయి రూపాయలకు దగ్గరగా నిశ్చయముగా వచ్చునన్న ఎరుక ఆ కుటుంబమును ఆసామి గడపనుండి బంధువుల ఇంటికో, పొదుపుసంఘమునకో మరల్చినది. అప్పు పూర్తిగా పోలేదు; అప్పిచ్చువాడు మారెను. మారిన ఋణదాత మనుష్యుని శరీరమును తాకట్టు అడుగడు. శంకరన్ గారు చట్టముతో తెంచ యత్నించిన ముడి, అక్కడ నెలసరి పైకముతో వదులగుట నాకు గాఢమైన ఆనందము కలిగించినది.

పేదవాని చేతికి డబ్బిచ్చిన సారాయికి పోవునను మాట మనలో చదువుకొన్నవారే ఎక్కువగా అందురు. ప్రపంచబ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవాలు భిన్నదేశములకు చెందిన 19 అధ్యయనములను ఒక్కచోట చేర్చి పరిశీలించిరి. నగదు సాయమువలన మద్యము, పొగాకులపై వ్యయము పెరిగినదనుటకు వారికి ఆధారము చిక్కలేదు. పశ్చిమ కెన్యాలో జరిగిన ప్రయోగమున మరియొక సూక్ష్మము బయటపడెను: ఒకేసారి పెద్దమొత్తమందుకొన్న ఇండ్లు గడ్డికప్పు తీసి రేకులు వేయించుకొనుట వంటి స్థిరమైన పనులు చేయగా, నెలనెల కొంచెముగా అందుకొన్న ఇండ్లు ఆహారముపై వెచ్చించినవి. ఇచ్చిన తీరే ఖర్చు తీరును నిర్ణయించినది. కావున విత్తనము కాలమున ఒకేసారి రావలసిన పైకమును పింఛనువలె నెలనెల చిల్లరగా పంచినను, ముసలమ్మ పింఛనును ఏడాదికి రెండుమార్లు కుప్పగా ఇచ్చినను పథకపు పేరు మిగులును గాని ఫలము మారిపోవును.

ఆ ముసలమ్మను గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగలేను. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నాలుగువేలైనది. నెల మొదటిదినమున తెల్లవారకమునుపే సచివాలయపు ఉద్యోగి పరికరముతో అరుగు దగ్గరకు వచ్చును. వరినాట్లలోను, కంకర మోతలోను అరిగిన ఆ వేలిముద్రను పరికరము ఒకటి రెండుమార్లు తిరస్కరించును. ఆమె వేలిని చీరకొంగుతో తుడిచి, నీటితో తడిపి మరల ఒత్తును. నోట్లు లెక్కించి చేతబెట్టగానే వానిని మడచి రవికలోనో బొడ్డుసంచిలోనో దాచును. ఆ నాలుగువేలలో మందుబిళ్లలకు కొంత, మనుమని నోటుపుస్తకమునకు కొంత, కోడలు అడిగిన కారము, నూనెలకు కొంత. ఇంతకాలము కోడలి ముఖము చూచి కంచము ముందు కూర్చున్న ఆమె ఇప్పుడు కంచము వచ్చునని ఎరిగి కూర్చుండును. కొడుకు ఆ పైకమును గుంజుకొను ఇండ్లును లేకపోలేదు. ఆ దుర్మార్గమును నేను దాచను. కాని ఇంటిలో ఎవరి పేర పైకము వచ్చునో ఆ మనిషి మాటకు బరువు వచ్చుట పలుగ్రామములలో కన్నులార చూచితిని. ఆ బరువును నాలుగువేలతో భాగించి లెక్కగట్టుటకు ఏ శాస్త్రము చాలదు.

ఇక తేదీని గూర్చి. నగదు సాయపు ప్రాణము దాని పరిమాణమున కన్న దాని కాలమున నున్నదని నా దృఢవిశ్వాసము. ఏరువాక పున్నమికి ముందు సొంత ఎకరమున్నరకు చేతికందిన తొమ్మిదివేలు మన పాలమూరు కుటుంబమును పత్తివ్యాపారి ఖాతానుండి చాలవరకు తప్పించును. అవే తొమ్మిదివేలు దసరాకు వచ్చిన ఎడల ఆ వ్యాపారి పాతబాకీకే జమయగును. 2025 జూన్ నడుమ తెలంగాణలో రైతుభరోసా పైకము కొలదిదినములలో జమచేయబడినది; 2024 వానాకాలమున అసలు రాలేదు. ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన, మొదటిది సహాయము, రెండవది సహాయపు ఆశను నమ్ముకొని అప్పుచేసినవారికి ద్విగుణమైన భారము. వచ్చునని చెప్పి రాని పైకము, ఎన్నడును చెప్పని పైకముకన్న ఎక్కువ కీడు చేయును; ఎందుకనగా రైతు ఆ మాటమీద దుక్కి దున్నియుండును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధికూలికిని పింఛనులకును స్మార్టుకార్డులు ప్రవేశపెట్టినపుడు కార్తిక్ మురళీధరన్ మొదలగు పరిశోధకులు 157 మండలములలో చేసిన విస్తృతమైన పరిశీలన, చెల్లింపు త్వరితమైనదనియు, మధ్యలో జారిపోవు పైకము తగ్గినదనియు నిరూపించినది. యంత్రము సరిగా నడచినచో ఇంతటి మేలు గలదు. నడువనిచో బ్యాంకు గుమాస్తా ముందు మూడుదినముల కూలి పోగొట్టుకొనుటయు, వచ్చిన పైకమును బ్యాంకు పాతబాకీకి జమకట్టుకొనుటయు పల్లెవాసులకు అనుభవమే.

నగదుకు గల ఈ శక్తిని చూచి, దానిచేతనే సర్వమును సాధింపవచ్చునని భ్రమించువారు నేడు కలరు. వారికి జార్ఖండులోని నగరీ ప్రాంతమును చూపవలెను. 2017 అక్టోబరులో అచ్చట చౌకబియ్యమునకు బదులు బ్యాంకు ఖాతాలో పైకము వేసి, ఆ పైకము తీసికొనివచ్చి దుకాణమున కిలో 32 రూపాయలకు కొనుడని విధించిరి. పైకము పడినదో లేదో తెలిసికొనుటకు బ్యాంకునకు, తీయుటకు మరల బ్యాంకునకు, ఆపై బియ్యపు దుకాణమునకు ముసలివారు నడువవలసి వచ్చెను. ప్రజలు వీధికెక్కిరి, మరుసటి ఏట ప్రభుత్వము ఆ ప్రయోగమును విరమించినది. ఆసుపత్రిలో వైద్యుడు లేనిచోట ఖాతాలోని పైకము ప్రైవేటు వైద్యుని చేతికే చేరును. బడిలో పంతులు లేనిచోట తల్లికిచ్చిన పైకము పట్టణపు బడి రుసుమునకు పోవును. ప్రభుత్వము చేయవలసిన పనిని తాను మాని, దాని వెలను పౌరుని చేత బెట్టి తప్పుకొనుటకు నగదును సాధనముగా వాడరాదు.

దీనికన్న లోతైన దోషము మరియొకటి కలదు. ఈ సభ సాక్షిగా దానిని స్పష్టముగా చెప్పుట నా విధి. భూమిపట్టాను ఆధారముగా ఇచ్చిన సహాయము భూమిగలవాని వెంటనే నడచును. రైతుబంధు ఎకరమునకు పంటకు ఐదువేలుగా నున్న కాలమున ఏబది ఎకరముల ఆసామికి సంవత్సరమునకు ఐదు లక్షలు పోయినవి. పట్టణమున నివసించుచు ఆ నేలను ఏండ్లుగా త్రొక్కనివారికిని పోయినవి. మనము చూచిన కుటుంబము కౌలుకు దున్ను రెండెకరములపై నేడు పంటకు వచ్చు పండ్రెండువేలు ఆ పొలపు యజమాని ఖాతాకు చేరును. నష్టము వచ్చిన ఏట కౌలు మాత్రము ఆ కుటుంబమే చెల్లించును. దున్నువానికి లేదు, పట్టాదారునకు కలదు. ఆంధ్రప్రదేశమున 2011లో కౌలుదారుల గుర్తింపునకు చట్టము, 2019లో సాగుదారు హక్కుల చట్టము వచ్చినవి. రెండవదాని ప్రకారము పదునొకండు నెలల పత్రమును యజమాని సమ్మతితో పొందవలెను. భూమి చేజారునను భయముతో సంతకమునకు వెనుదీయు యజమాని, మరుసటి ఏడు కౌలు దొరకదను భయముతో అడుగని కౌలుదారుడు: ఈ రెండు భయముల నడుమ చట్టము నిలిచిపోయినది. 2025 జనవరి 26న తెలంగాణలో భూమిలేని ఉపాధికూలీలకు సంవత్సరమునకు 12,000 రూపాయలు ఇచ్చుటకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసాను ఆరంభించుట సరియైన దిశలో వేసిన అడుగు. అంతకు ఏడేండ్ల ముందే పడవలసిన అడుగది. భూమి గలవాని తరువాత భూమి లేనివాని వంతు వచ్చుటలో మన పాలనపు ఆలోచనాక్రమము వెల్లడియగుచున్నది.

కావున నేను కోరునవి కొన్ని కలవు. సాగు సహాయపు తేదీ శాసనమున వ్రాయబడవలెను. మృగశిరకు ముందు పైకము చేరనిచో దానిపై వడ్డీని ప్రభుత్వమే చెల్లించునట్టి నిబంధన యుండవలెను, బీదరైతు ఆలస్యమునకు వడ్డీ కట్టునట్లే. ఆ ఖాతాను ఏ బ్యాంకును పాతబాకీకి తాకరాదు. కౌలుదారుని గుర్తింపు యజమాని సంతకముపై గాక గ్రామసభ సాక్ష్యముపై ఆధారపడవలెను. ఎవడు ఏ చేను దున్నుచున్నాడో గ్రామమున తెలియనివాడు లేడు. రాష్ట్రములు తమ ఖజానాలను ఒత్తిడిచేసి పింఛనును వేలలోనికి తెచ్చియుండగా, అరువదినుండి డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధునకు కేంద్రప్రభుత్వము తన వంతుగా ఇచ్చునది దాదాపు రెండు దశాబ్దులుగా నెలకు 200 రూపాయలే. పార్లమెంటునకు ఈ ప్రాంతమునుండి పోవు ప్రతి సభ్యుడును రాబోవు బడ్జెటు సమావేశమున మొదట అడుగవలసినది ఈ రెండువందలను గూర్చియేనని, ఇచట ఉపస్థితులైన ప్రజాప్రతినిధులకు సవినయముగా, కాని గట్టిగా విన్నవించుచున్నాను.